ఆండీ ఎవరండీ?

మా తాడేపల్లిగూడెంలో ఎవర్నడిగినా చెప్తారు, తులసికి నోరెక్కువని. నిజమేనండీ, దాచడం దేనికి? ఉన్నమాట కడుపులో పెట్టుకుంటే నాకు అన్నం అరగదు. అలాంటి నేనూ, నాతోపాటు మా టీమూ కలిసి ఒక పెద్దమనిషి ఉద్యోగం మీదకి తెచ్చామండీ. అదీ తిట్టి కాదు, మర్యాదగా మాట్లాడి. వినండి చెప్తాను.

మాది "చెరువు నేస్తం" అని ఒక కంపెనీ. ఫోన్లో యాప్ ఉంటుంది. చేపల చెరువులున్న రైతులు అందులో మేత తెప్పించుకుంటారు, ఏదైనా ఇబ్బందొస్తే ఫోన్ చేసి అడుగుతారు. హెడ్డాఫీసు బెంగుళూరు. అక్కడివాళ్ళు చేపని చూడాలంటే కంచంలోనే చూడాలి. ఫోన్లెత్తి రైతుల చేత చీవాట్లు తినే నలుగురం మాత్రం ఇక్కడివాళ్ళమే. గూడెంలో నేను, ఏలూరులో ఇందుజ, ఉండిలో దుర్గేష్, కొల్లేటి పక్కన మండవల్లిలో ఎలీయాజరు గారు. మేం ముగ్గురం ముప్పైల్లో ఉన్నాం, ఆయనకి యాభై దాటాయి.

ఒకప్పుడు మాకూ ఆఫీసుండేది. ఏలూరు పవర్‌పేటలో పరుపుల కొట్టు మీద రెండు గదులు. ఒంటిగంటకి అందరం లేస్తే గానీ ఎలీయాజరు గారు క్యారేజీ మూత తీసేవారు కాదు. ఎవరైనా ఫోన్లో రైతు దగ్గర ఇరుక్కుపోతే, వాళ్ళు తెమిలేదాకా ఆకలితో అలాగే కూర్చునేవారు. కరోనాకి ఆఫీసు మూసేశారు. తర్వాత లోకమంతా తెరుచుకుంది గానీ మాది తెరుచుకోలేదు. "ఇకనుంచి మీ ఇల్లే మీ ఆఫీసు" అని మెయిల్ పెట్టి, కుర్చీలమ్మేశారు.

ఇంటి నుంచి పని మొదలైన రోజు వంటగది పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని దిగులుగా కూర్చున్నాను. ఒంటిగంటకి ఫోన్ మోగింది. వీడియో కాల్. ఎలీయాజరు గారు, ఆయన ముందు క్యారేజీ. ఇంట్లో కూర్చుని కూడా క్యారేజీయే కట్టించుకున్నారండీ ఆ మహానుభావుడు!

"రండి తులసి గారూ, మీకోసమే మూత తియ్యలేదు," అన్నారు.

నాకు కళ్ళనీళ్ళాగలేదు. ఆ రోజు నుంచి నలుగురం ఫోన్లు చెంబుకో, డబ్బాకో ఆనించుకుని కలిసే తినేవాళ్ళం. ఇందుజ వరసగా పెరుగన్నమే తింటుంటే ఆయన ఊరుకునేవారు కాదు. దుర్గేష్ భార్య పురిటికెళ్ళినప్పుడు వాడి కాల్స్ ఆయనే ఎత్తారు. నాకు డెంగీ వచ్చి మంచం పడితే నావీ ఆయనే ఎత్తారు. చెయ్యమని చెప్పినవాళ్ళు లేరు, చేశానని ఆయన చెప్పుకున్నదీ లేదు.

ఇలా మా మానాన మేం బతుకుతుంటే కంపెనీకి మా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మనుషులు దూరమైపోతున్నారు, కల్చర్ చచ్చిపోతోంది అని చెప్పి ప్రదీప్ అనే కుర్రాడిని పెట్టారు. పుట్టిందీ పెరిగిందీ పుణే, తెలుగు ఒక్క ముక్క రాదు. అతని హోదా పేరు "హెడ్ ఆఫ్ బిలాంగింగ్". అంటే ఏంటండీ అని ఎలీయాజరు గారినడిగితే కాసేపు ఆలోచించి, "మనవాళ్ళు మనవాళ్ళే అని మనకి చెప్పే ఉద్యోగమై ఉంటుందండీ," అన్నారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? సోమవారం పొద్దున్నే అందరం మన మనసెలా ఉందో ఒక బొమ్మ పెట్టాలి. ఏడుపు బొమ్మ పెడితే ప్రదీప్ ఫోన్ చేసి అరగంట ఓదారుస్తాడు. ఆ భయానికి అందరం నవ్వే పెట్టేవాళ్ళం. బుధవారం కాఫీ లాటరీ. యంత్రం ఇద్దరిద్దర్ని కలుపుతుంది, వాళ్ళు ఎదురెదురుగా కాఫీ తాగుతూ మనసు విప్పుకోవాలి. ఒకసారి దానికేం తిక్కరేగిందో నాకు నన్నే జత చేసింది. పావుగంట నా మొహం నేనే చూసుకుంటూ కాఫీ తాగాను. "అద్భుతమైన సంభాషణ" అని రిపోర్టొచ్చింది.

శుక్రవారం వేషాలు. ఒక శుక్రవారం టోపీల రోజన్నారు. ఎలీయాజరు గారి దగ్గర టోపీ లేదు. పాపం, వాళ్ళమ్మాయి స్కూటీ హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నారు. అంతలోనే గణపవరం నుంచి ఒక రైతు ఫోన్ చేస్తే ఆ హెల్మెట్లోంచే జవాబు చెప్పారు. ఏం వినపడిందో ఆ రైతుకే తెలియాలి.

ఇవన్నీ భరించాం. భరించలేనిది పేర్ల గొడవ. "సార్, మేడమ్, గారు, ఇవన్నీ మన మధ్య గోడలు. కూల్చేద్దాం. అందరినీ పేరు పెట్టి పిలుద్దాం," అన్నాడు ప్రదీప్. బెంగుళూరు వాళ్ళకేం, కూల్చేశారు. మీసాలు సరిగా రాని ఒక కుర్రాడు మర్నాడే మీటింగులో, "హే ఈలై, ఏంటి బ్రో సంగతులు?" అన్నాడు. ఈలై అంటే ఎవరో అనుకున్నాం. మా ఎలీయాజరు గారండీ! మండవల్లిలో ఆదివారం చర్చికి ఆయనొస్తే ముసలివాళ్ళు కూడా జరిగి చోటిస్తారు. అలాంటాయన్ని పట్టుకుని బ్రో! ఆయన నవ్వారు గానీ, చొక్కా కాలరు సర్దుకుంటూ తల పక్కకి తిప్పేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ముగ్గురికీ వచ్చిన చిక్కు ఏంటంటే, ఆయన్ని ఒట్టి పేరుతో పిలవడానికి నోరు రాదు. గారు తగిలిస్తే ప్రదీప్ ఊరుకోడు. దాంతో అసలు పేరే ఎత్తడం మానేశాం. "ఏవండీ", "ఇదిగోండీ", "వింటున్నారా అండీ". మన వైపు ఇది కొత్తేం కాదు కదండీ. మా అమ్మమ్మ వెంకటనరసమ్మ గారు మా తాతయ్య పేరు ఎత్తకుండానే సంసారం మొత్తం ఈదేసింది. మా పనీ అలాగే జరిగిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకనాడు ఇందుజ నోరుజారి మా ఒంటిగంట భోజనాల సంగతి ప్రదీప్‌కి చెప్పేసింది. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇదే! ఇదే కల్చర్!" అన్నాడు. మర్నాటికల్లా దానికి "లంచ్ అండ్ లవ్" అని పేరు పెట్టి, ఫోన్లలో వద్దని చెప్పి, కంపెనీ మీటింగులోకి లాక్కొచ్చాడు. నాలుగు మెతుకులు తినడానికి లింకు నొక్కి, రికార్డింగుకి ఒప్పుకుంటున్నానని ఇంకో బటన్ నొక్కి, అప్పుడు చెయ్యి కడుక్కోవాలి.

రికార్డింగ్ ఎందుకంటే, "హార్ట్‌బీట్" అని ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. అది మీటింగుల్లో చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. ఎవరేమన్నా ఇంగ్లీషులో రాసేస్తుంది. ఎవరి పేరు ఎక్కువ ఆప్యాయంగా వినపడితే, ఎవరికి ఎక్కువ థాంక్సులు అందితే వాళ్ళకి ఎక్కువ మార్కులు. అట్టడుగున ఉన్నవాళ్ళని మూడు నెలలకోసారి "కొత్త ప్రయాణానికి సాగనంపుతారు". ఉద్యోగం పీకడానికి ఎన్ని పూలు చుట్టారో చూడండి.

మొదటి ఫలితాలొచ్చాయి. అందరికంటే పైన, ఆకాశమంత ఎత్తున ఒక పేరు: ఆండీ. రెండో స్థానంలో ఉన్నావిడకి అతని మార్కుల్లో పదోవంతు కూడా లేవు. నేనూ, ఇందుజా, దుర్గేషూ ఎక్కడో మధ్యలో ఉన్నాం. ఎందుకంటే మేం ముగ్గురం ఒకరినొకరు పేర్లతోనే పిలుచుకుంటాం, తిట్టుకుంటాం. అట్టడుగున ఎలీయాజరు గారు. సున్నా. "హే ఈలై"లో ఆప్యాయత లేదని ఆ యంత్రం కూడా కనిపెట్టినట్టుంది.

"ఆండీ ఎవరండీ?" అని నలుగురం ఒకర్నొకరు అడుక్కున్నాం. దుర్గేష్ హెడ్డాఫీసులో కనుక్కుంటే వాళ్ళకీ తెలీదు. ఇందుజ తేల్చింది. "అమెరికాలో పెట్టుబడి పెట్టినవాళ్ళ మనిషయ్యుంటాడే. కెమెరా ఆపేసి మన మీటింగుల్లో కూర్చుంటున్నాడు. మనం అన్నం తింటున్నా వింటున్నాడు!" అంది.

ఇంకేముంది! ఆ పూట నుంచి మా మర్యాద చూడాలి మీరు. నన్ను "ఏంటక్కా నీ గోల" అనే దుర్గేష్, "ఏవండీ, దయచేసి తమరే ముందు చెప్పండి," అనడం మొదలెట్టాడు. ఇందుజ దగ్గొస్తే "క్షమించండి" అని దగ్గేది. నేను సొంత ఇంట్లో సాంబారు పోసుకుంటూ "మీరు కూడా వడ్డించుకోండి, మొహమాటపడకండి" అని తెరకి దణ్ణం పెట్టేదాన్ని. పదిరోజులు తిరిగేసరికి ఆండీ మార్కులు రెట్టింపయ్యాయి. అది చూసి మేం ఇంకా భయపడ్డాం.

ప్రదీప్ అయితే ప్రేమలో పడిపోయాడు. "మనిషి కనపడడు, తన గొప్ప చెప్పుకోడు, అందరి నోటా అతని పేరే. రిమోట్ కల్చర్ అంటే ఆండీ!" అని బొమ్మలతో స్లైడ్లు చేశాడు. ఆండీకి కల్చర్ ఛాంపియన్ అవార్డు, పేరు చెక్కిన కప్పు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ సందట్లో నేను గమనించలేదు. ఫలితాలొచ్చిన తర్వాత ఎలీయాజరు గారు భోజనాలకి వస్తున్నారు గానీ మాట తగ్గింది. ఒకరోజు అసలు రాలేదు. ఒంటిగంట దాటింది. ఆయన లేకుండా మూత తియ్యబుద్ధి కాలేదు. లింకూ గింకూ వదిలేసి మామూలు ఫోన్ చేశాను.

"శుక్రవారం మధ్యాహ్నం ప్రదీప్ మాట్లాడతారటండీ నాతో," అన్నారు. "సాగనంపడానికే లెండి."

"అదెలా కుదురుతుందండీ? నేనడుగుతాను!"

"ఏమని అడుగుతారండీ? ఇన్నాళ్ళలో నాకెవ్వరూ ఒక్క మంచిమాట అనలేదట. సున్నా వచ్చింది కదండీ."

"అది మిషనండీ, దానికేం తెలుసు?"

"మిషన్‌కి నామీద పగేముందండీ? విన్నదే రాస్తుంది." "మా అమ్మాయి నర్సింగు ఆఖరి సంవత్సరం. ఈ వయసులో నాకు ఇంకెవరిస్తారండీ ఉద్యోగం? చేపల చెరువు గట్టు మీద కాపలాకి రమ్మంటారు. మా నాన్న చేసింది అదే. తల నెరిశాక కూడా ఊళ్ళో పిల్లలు ఆయన్ని ఒరేయ్ అనే పిలిచేవారండీ. నేను నాలుగక్షరాలు నేర్చుకుని కుర్చీలో కూర్చున్నాకే మా ఇంటికి 'అండీ' అనే మాటొచ్చింది. అది పోతుందేమోనని బెంగగా ఉందండీ, అంతే."

ఫోన్ పెట్టేశాక వంటగదిలో కూర్చుని ఏడ్చాను. ఏడుపైపోయాక కోపమొచ్చింది. మేం ఆయనకి ఎన్ని థాంక్సులు చెప్పలేదు? రోజూ చెప్తాం! ఆ దరిద్రపు యంత్రం చెవిలో సీసం పోసుకుందా?

మర్నాడు పొద్దున మీటింగు. మనం మాట్లాడుతుంటే తెర కింద అక్షరాలు పడతాయి, నేనెప్పుడూ వాటిని చూసేదాన్ని కాదు. ప్రదీప్ ఏదో చెప్తున్నాడు. పొయ్యి మీద పాలు. మా ఆయన అక్కడే నిలబడి పేపరు చదువుతున్నారు. పాలు పొంగుతున్నాయి, ఆయన చదువుతూనే ఉన్నారు. మైకు తెరిచుందని మర్చిపోయి అరిచాను.

"ఏవండీ! పాలు పొంగుతున్నాయి, స్టవ్ కట్టెయ్యండి!"

తెర కింద ఇంగ్లీషులో అక్షరాలు పడ్డాయి: "ఈవా, ఆండీ! పాల్ పాంగ్. స్టవ్ కట్, ఆండీ!"

పాలు పొంగి నేలపాలయ్యాయి. నేను అక్కడే నిలబడిపోయాను. తర్వాత నెమ్మదిగా మైకు దగ్గరకొచ్చి "రండి" అన్నాను. "రన్, ఆండీ!" అని పడింది. "తినండి" అన్నాను. "టిన్, ఆండీ." చివరికి "రాగండి చేప" అన్నాను. అది కూడా ఆండీ ఖాతాలోకే పోయింది. ప్రదీప్ మురిసిపోతూ, "తులసీ, నీక్కూడా ఆండీ అంటే ఎంత ఇష్టమో!" అన్నాడు.

మీటింగయ్యాక పాత రికార్డులు తెరిచి, ఆ వంకర ఇంగ్లీషుని కూడబలుక్కుని చదివాను. "థాంక్స్, ఆండీ." "మీరు లేకపోతే నా పనైపోయేది, ఆండీ." "భోంచేశారా, ఆండీ?" నేను డెంగీ నుంచి లేచొచ్చాక ఆయనతో అన్న మాటలు గుర్తొచ్చాయి. అలాంటివే ఇక్కడ వందలు. దుర్గేషువీ, ఇందుజవీ, నావీ. ఆయనకి చెప్పినవన్నీ పుట్టని మనిషికి చేరాయి. పిల్లాడిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనండీ.

వెంటనే ప్రదీప్‌కి ఫోన్ చేసి, నాకొచ్చిన ఇంగ్లీషంతా ఖర్చుపెట్టి చెప్పాను. అండీ అంటే పేరు కాదు నాయనా, మర్యాద. ఇంగ్లీషులో దానికి మాట లేదు. ఆండీ అనేవాడు లేడు. ఆ మార్కుల్లో చాలావరకు ఎలీయాజరు గారివే.

అంతా విన్నాడు.

"తులసీ, నీ బాధ నేను వింటున్నాను," అన్నాడు చివరికి. వినడం అతని ఉద్యోగం మరి. "కానీ ఆండీ స్లైడు ఫౌండరుకి వెళ్ళిపోయింది. పెట్టుబడి పెట్టినవాళ్ళకీ వెళ్ళిపోయింది. శుక్రవారం పొద్దున కంపెనీ మొత్తం ముందు అవార్డు. ఇప్పుడు ఆండీ లేడంటే..."

"నీ ఉద్యోగం పోతుంది."

"అలా అనకు. డేటా మీద నమ్మకం పోతుంది." గొంతు తగ్గించాడు. "ఇంకా టైముంది. శుక్రవారం లోపు మీరు ఈలై పేరు పెట్టి థాంక్స్ చెప్పండి. ఒట్టి పేరు. మర్యాద ఏదీ కలపొద్దు. మార్కులు వాటంతటవే వస్తాయి."

అతను చెప్పింది అడ్డగోలుగా ఉన్నా, వేరే దారి లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ విషయం చెప్పాను. ఎలీయాజరు గారిని కూడా బతిమాలి రప్పించాను. ముందు దుర్గేష్‌ని తోశాం. వాడు గొంతు సవరించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "థాంక్స్... ఎలీయాజరూ" అన్నాడు. అని, వెంటనే చెంపలేసుకుని, "తప్పైపోయిందండీ, క్షమించండి" అన్నాడు. ఆండీకి ఇంకో రెండు మార్కులు.

ఇందుజ తెలివిగా "ఎలీయాజరు గారు" అని మెల్లగా అంది. తెర మీద "ఎల్లీ ఈజ్ ఎ గురు" అని పడింది. ఎల్లీ అని ఇంకొకావిడ కంపెనీలో పుట్టింది.

ఇక నేను. ఊళ్ళో నోరెక్కువని పేరున్నదాన్ని, నాకేంటి అనుకున్నాను. నోరు తెరిచాను. ఎదురుగా ఆయన, క్యారేజీ మూత మీద చెయ్యి పెట్టుకుని నావైపే చూస్తున్నారు. మొగుడితో దెబ్బలాడే నోరండీ ఇది, బస్సులో కండక్టరుతో తగువేసుకునే నోరు. ఒక్క ఒట్టి పేరు పలకడానికి పెగల్లేదు.

"వదిలెయ్యండి తులసి గారూ," అన్నారాయన. "నా ఉద్యోగం కోసం మీరు నోరు పాడుచేసుకోవద్దండీ. నాకు చెప్పినవి నాకే చెప్పారని తెలిసింది కదా, అది చాలండీ."

చాలట! ఆయనకి చాలుతుంది గానీ నాకెలా చాలుతుంది?

శుక్రవారం వచ్చింది. తెర నిండా తపాలాబిళ్ళల్లా మొహాలు. ఫౌండరు మధ్యలో. అతనూ కుర్రాడే, గుండీల్లేని బనీను లాంటి చొక్కా వేసుకున్నాడు. డప్పుల చప్పుడు పెట్టారు. ప్రదీప్ ఆండీ గురించి చెప్తూ చెప్తూ ఉన్నాడు, ఆపితే ఏమవుతుందో అతనికి తెలుసు కాబట్టి. ఫౌండరుకి ఓపిక అయిపోయింది.

"అద్భుతం! ఆండీ, కెమెరా ఆన్ చెయ్. నిన్ను చూడాలి మేం."

ఎవరూ కదల్లేదు.

"ఆండీ? ప్రదీప్, ఆండీ ఎక్కడ?"

ప్రదీప్ మొహం తడిసిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. మైకు ఆపుకుని ఉన్నాడో, ప్రాణమే ఆపుకుని ఉన్నాడో తెలీదు. కింద ఒక మూల చిన్న గళ్ళో ఎలీయాజరు గారు, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం సాగనంపుతారు కదా, అందుకని.

అప్పుడు తట్టింది నాకు. అబద్ధం ఆడక్కర్లేదు. ఉన్నమాట చెప్తే చాలు. మైకు తెరిచాను.

"సార్, నేను తులసిని. మా టీములో మేం ఆండీ అని పిలిచేది ఎలీయాజరు గారినే. ఆయన్ని మేం ఇంకోలా పిలవం. ఎన్నడూ పిలవలేదు. కావాలంటే రికార్డులు చూసుకోండి."

ఇందుజ అందుకుంది. "అవును సార్. రోజూ అలాగే అంటాం." దుర్గేష్ గట్టిగా, "మా ఇంట్లో మా ఆవిడ కూడా ఆయన్ని అలాగే అంటుంది సార్!" అన్నాడు. ఒక్క మాట అబద్ధం లేదండీ అందులో.

ప్రదీప్‌కి ప్రాణం లేచొచ్చింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, "అదే! అదే నేను చెప్పబోతున్నాను! ఈలైయే ఆండీ! ముద్దుపేరు!" అని కేకపెట్టాడు.

ఫౌండరు ఎలీయాజరు గారి గడిని తెర నిండా పెద్దది చేశాడు. ఆయన కంగారుపడిపోయారు. నిజాయితీ మనిషి కదా, రెండు చేతులూ ఊపుతూ, "నేను కాదండీ! అలాంటివారు లేరండీ!" అన్నారు.

తెర కింద పడింది: "కాడ్, ఆండీ! లేర్, ఆండీ!" తన పేరు తనే చెప్పుకుంటున్నాడని అందరూ చప్పట్లు కొట్టారు.

సరిగ్గా అప్పుడండీ ఆ వింత జరిగింది. ఫౌండరు ముందుకి వంగి, "కంగ్రాచులేషన్స్, ఆండీ. ఇన్నాళ్ళు నిన్ను గుర్తించలేదు. సారీ, ఆండీ," అన్నాడు.

నేను విన్నది వేరు. ఎలీయాజరు గారు విన్నదీ వేరని ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది. సారీ అండీ. ఫౌండరు, ఆయనకి!

ఇక వరస కట్టారు. "గ్రేట్ వర్క్, ఆండీ." "థాంక్యూ, ఆండీ." చివరికి ఆ మీసాల్లేని కుర్రాడు, హే ఈలై బ్రో అన్నవాడే, "నమస్తే, ఆండీ," అన్నాడు. ఎలీయాజరు గారు చొక్కా కాలరు సర్దుకున్నారు. ఈసారి తల పక్కకి తిప్పలేదు. ఒక్కొక్కళ్ళకీ చెయ్యెత్తి నమస్కారం పెట్టారు.

మధ్యాహ్నం సాగనంపే మీటింగు రద్దయిందని మెయిలొచ్చింది. ఆ వెనకే ఇంకోటి. కంపెనీ రికార్డుల్లో ఆయన పేరు ఆండీ అని మార్చారట, అందరూ ఇకనుంచి అలాగే పిలవాలట. గారు కలపకూడదని కింద ప్రదీప్ గుర్తుచేశాడు. పకపకా నవ్వుకున్నాను.

ఒంటిగంటకి ఫోన్ మోగింది. కంపెనీ లింకు కాదు, మామూలు ఫోను. ఎలీయాజరు గారు, ఆయన ముందు క్యారేజీ.

"రండి తులసి గారూ, మూత తియ్యలేదు," అన్నారు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు.

"బెంగుళూరు బెంగుళూరంతా నన్ను 'అండీ' అందండీ," అన్నారు. "మా నాన్న ఉండి వినుంటే బాగుండేదండీ."

నాకు నోరెక్కువని చెప్పాను కదండీ. ఆ పూట ఒక్క మాట రాలేదు.

"తినండి, చల్లారిపోతుంది," అన్నారాయన.